పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత

మన తిరుప్పూరులో బనియన్ కంపెనీలో పని దొరకడం తేలిక. అందుకే బాలల గృహాల్లో పెరిగిన పిల్లలు పద్దెనిమిదేళ్ళు నిండి బయటికి రాగానే, కూటికీ గదికీ వెతుక్కుంటూ కాలేజీ దరఖాస్తు మరచిపోతారు.

2015 నాటి బాలన్యాయ చట్టం 46వ సెక్షను ఇలాంటివారికి ఆర్థిక సహాయానికి వీలు కల్పించింది. 2016 నియమాల ప్రకారం తదుపరి సంరక్షణ 21 ఏళ్ళ వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు ఇవ్వవచ్చు. అంటే డిగ్రీ ముగిసేదాకా! అయితే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్ళి అడగాలి.

చిక్కన్న ప్రభుత్వ కళాశాల ఊళ్ళోనే ఉంది. దరఖాస్తులో తండ్రి పేరు దగ్గర ఆ బిడ్డ కలం ఆగిపోతుంది. ఆ వేళ పక్కన ఒక పెద్దదిక్కు కావాలి. మన ఇంటి బిడ్డకైతే వెంట వెళ్ళమా? ఈ బిడ్డకూ వెళదాం.