నలభై రోజుల తరువాత: సిజేరియన్ అయిన ఇల్లాలి పట్ల మన బాధ్యత

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధర్మ సోదరులారా! ధర్మజ్ఞానం పొందడానికి సిగ్గును అడ్డు రానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు. ఆ స్ఫూర్తితో, మనం సాధారణంగా మాట్లాడని ఒక విషయాన్ని నేడు ప్రస్తావించుకుందాం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పులలో దాదాపు 61 సిజేరియన్లే. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. జహీరాబాద్‌లో మన కుటుంబాలకూ ఇది కొత్త సంగతి కాదు. పుట్టింట చిల్లా స్నానం ముగిసి భార్య తిరిగి రాగానే, దాంపత్య సంబంధానికి గడువు తీరిందని కొందరు భర్తలు భావిస్తారు. ఇది పొరపాటు.

ప్రవక్త కాలంలో బాలింతలు 40 రోజులు ఆగేవారని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలిపారు. హనఫీ ధర్మవేత్తల దృష్టిలో ఇది నిఫాస్‌కు గరిష్ఠ పరిమితి. సిజేరియన్ తరువాత కూడా గర్భాశయం నుంచి రక్తస్రావం అవుతుంది కనుక ఇదే నియమం వర్తిస్తుంది. రక్తం ముందే ఆగిపోతే గుసుల్ చేసి నమాజు ప్రారంభించాలి. కుట్లకు నీరు హానికరమైతే అక్కడ మసహ్ చేస్తే చాలు.

అయితే నిషేధం తొలగడం వేరు, శరీరం కోలుకోవడం వేరు. పైన కుట్లు మానినా లోపల గర్భాశయం మానడానికి మరింత కాలం పడుతుంది. కనుకనే వైద్యులు సాధారణంగా ఆరు వారాలు ఆగి, పరీక్ష చేయించుకోమంటారు. పాలిచ్చే తల్లికి ఆ తరువాత కూడా నొప్పి కలగవచ్చు. జ్వరం, అధిక రక్తస్రావం, దుర్వాసనతో కూడిన స్రావం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

తల్లి బలహీనతపై బలహీనతను భరించి బిడ్డను మోసిందని లుఖ్మాన్ సూరా 14వ ఆయతు గుర్తుచేస్తుంది. బిడ్డ మూలంగా తల్లికి హాని కలగరాదని బఖరా సూరా 233వ ఆయతు ఆదేశిస్తుంది. మరి అలాంటి ఇల్లాలు “ఇంకా నొప్పిగా ఉందండీ” అంటే, దానిని అవిధేయతగా ఎంచడం న్యాయమా?

మరొక మాట. కాన్పు తరువాత నెలసరి రాకముందే గర్భం నిలవవచ్చు. త్వరగా మళ్ళీ గర్భం వస్తే పాత కోత వద్ద గర్భాశయం చీలే ప్రమాదం పెరుగుతుంది. కాన్పుకూ తదుపరి గర్భానికీ మధ్య 24 నెలలు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. సహాబాలు అజ్ల్ పాటించేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. కనుక ఇద్దరి అంగీకారంతో తాత్కాలిక గర్భనిరోధాన్ని గురించి వైద్యులను అడగడంలో దోషం లేదు.

సోదరులారా! ఈ రాత్రి మీ ఇల్లాలిని ఆరోగ్యం ఎలా ఉందని అడగండి. ఆమె చెప్పే జవాబును గౌరవించండి.

అల్లాహ్ మన ఇళ్ళలో ప్రేమను, కారుణ్యాన్ని నింపుగాక! ఆమీన్.