ఎడారి దారిలో సైకిలు: కంటికి కనిపించని రెండు విషయాలు



సైకిలు అనగానే మీకు బడికో కాలేజీకో వెళ్ళే తారురోడ్డు గుర్తుకు వస్తుంది. ఈనాటి ప్రసంగంలో మనం తారురోడ్డు లేని చోటికి వెళ్దాం. ఒక మహానగరపు చివరి వీధి ముగిసిన చోట మొదలయ్యే ఎడారి కొండల్లోకి, సన్నని మట్టిబాట మీదుగా వెళ్దాం. ఆ బాట మీద రాళ్ళూ ముళ్ళూ ఉంటాయి. అవి కనిపిస్తాయి కాబట్టి మనం జాగ్రత్తపడతాం. కనిపించని విషయాలు రెండున్నాయి. మొదటిది మీ శరీరం నుంచి పోయే నీరు. రెండవది మీ చక్రం కింద ఉన్న నేలలోని ప్రాణం. ఈ రెండింటి గురించే ఇప్పుడు తెలుసుకుందాం.

ముందుగా ఆ ప్రదేశం సంగతి. అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి భాగాన అరిజోనా రాష్ట్రం ఉంది. దాని రాజధాని ఫీనిక్స్. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ నగర జనాభా 16 లక్షలు దాటింది. ఈ నగరం సొనోరా ఎడారిలో ఉంది. ఏడాది మొత్తం మీద అక్కడ పడే వర్షం సగటున 200 మిల్లీమీటర్లకు మించదు. కరవుకు పేరుపడిన మన అనంతపురం ప్రాంతంలో సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. తేడా ఎంతో మీరే చూడండి.

నగరానికి దక్షిణాన సౌత్ మౌంటెన్ అనే కొండల వరుస ఉంది. 1924లో ఫీనిక్స్ నగరం కోసం అక్కడ 13,000 ఎకరాలను ఫెడరల్ ప్రభుత్వం నుంచి 17,000 డాలర్లకు కొన్నారు. ఎకరానికి డాలరున్నర కూడా పడలేదన్నమాట. ఇప్పుడు 16,000 ఎకరాలకు పైగా విస్తరించిన ఆ ఉద్యానంలో నడిచేవారికి, గుర్రాలెక్కేవారికి, సైకిలు తొక్కేవారికి కొండబాటలున్నాయి. నేషనల్ ట్రెయిల్, డెజర్ట్ క్లాసిక్ వాటిలో పేరున్నవి. దగ్గరలోని టెంపీ పట్టణంలో ఉన్న అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో తెలుగు విద్యార్థులు ఎందరో చదువుతున్నారు. రేపు మీలో కొందరు అక్కడికి వెళ్ళవచ్చు. అందుకే ఈ పాఠం మీకు దూరపు సంగతి కాదు.

ఇక సైకిలు. కొండదారుల సైకిలు, అంటే మౌంటెన్ బైక్, 1970లలో కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీ కొండల్లో రూపుదిద్దుకుంది. అక్కడి కుర్రకారు పాత సైకిళ్ళకు లావు టైర్లు, గట్టి బ్రేకులు బిగించి కొండ మీద నుంచి పందేలు వేసుకుని దిగేవారు. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా సైకిలు తయారు చేశారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇది పోటీ క్రీడ అయింది. ఈ సైకిలు టైరులో గాలి తక్కువగా ఉంచుతారు. అప్పుడు టైరు నేలకు ఎక్కువ మేర ఆనుకుని పట్టు దొరుకుతుంది. ఎడారిలో ముళ్ళు ఎక్కువ కాబట్టి చాలామంది ట్యూబు లేని టైర్లు వాడి, లోపల ఒక ద్రవం పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే ఆ ద్రవమే రంధ్రాన్ని పూడుస్తుంది.

టైరుకు పడిన రంధ్రం అలా పూడుతుంది. మరి మీ శరీరం నుంచి పోయే నీటి సంగతి?

ఒక చిన్న లెక్క వేద్దాం. మీరు ఎత్తు ఎక్కుతూ 150 వాట్ల శక్తితో పెడల్ తొక్కుతున్నారనుకోండి. మన కండరాలు ఖర్చుచేసే శక్తిలో పెడల్‌కు చేరేది ఇంచుమించు నాలుగో వంతే. మిగిలినదంతా వేడిగా మారుతుంది. అంటే దాదాపు 450 వాట్ల వేడి మీ లోపల పుడుతోంది. గంటకు అది 1,620 కిలోజౌళ్ళు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. కాబట్టి ఆ వేడిని వదిలించుకోవడానికే గంటకు సుమారు 0.7 లీటర్ల చెమట కావాలి.

ఇది చల్లని పూట లెక్క కూడా కాదు, ఎండ లెక్క కూడా కాదు. మీ శరీరంలో పుట్టిన వేడి లెక్క మాత్రమే. చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీల సెల్సియస్. చుట్టూ గాలి అంతకన్నా చల్లగా ఉంటే ఆ గాలి మీ వేడిని కొంత తీసుకుపోతుంది. గాలి 43 డిగ్రీల దగ్గర ఉంటే అదే తిరిగి మీకు వేడినిస్తుంది. పైన ఎండ, కింద కాలిన రాయి. అప్పుడు గంటకు లీటరుకు మించి నీరు పోవచ్చు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. మన విశాఖలోనో కాకినాడలోనో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది. చెమట పట్టిందని మీకు తెలుస్తుంది. ఎడారి గాలి పొడిగా ఉంటుంది. చెమట పుట్టిన వెంటనే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది. "నాకేమీ చెమట పట్టలేదు" అనుకుంటూనే మీరు ఒంట్లోని నీటిని పోగొట్టుకుంటారు.

అందుకే ఎడారిలో తిరిగేవారు ఒక సూత్రం పాటిస్తారు. తెచ్చుకున్న నీళ్ళలో సగం అయిపోయేలోపే వెనక్కు తిరగాలి. ఉదయం బయలుదేరినవారికి తిరుగు ప్రయాణంలో ఎండ ముదురుతుంది కాబట్టి, సగం కన్నా ముందే తిరగడం ఇంకా మంచిది. కొండ శిఖరం ఎంత దగ్గరగా ఉందన్నది కాదు, సీసాలో నీళ్ళెన్ని ఉన్నాయన్నదే లెక్క. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం మొదలైతే నీడకు చేరి ఆగిపోవాలి. మాట తడబడితే, మనిషి తికమకపడితే అది వడదెబ్బ. వెంటనే ఒంటిని తడిపి, గాలి తగలనిచ్చి, వైద్య సహాయం కోసం ఫోన్ చేయాలి.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలకు తగ్గకుండా నమోదైంది. ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో వేడికి సంబంధించిన మరణాలు 645. వీరిలో అధికులు కొండలెక్కినవారు కారు. ఇళ్ళలో, వీధుల్లో ఎండకు చిక్కినవారు. నగరంలోనే ఇలా ఉంటే నీడలేని కొండ మీద ఎలా ఉంటుందో ఊహించండి. 2021 నుంచి, తీవ్రమైన వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో కొన్ని కొండబాటలను పగటివేళ మూసివేసే పద్ధతిని నగరపాలక సంస్థ అమలు చేస్తోంది.

ఇప్పుడు రెండవ విషయానికి వద్దాం. బాట పక్కన నేల చూడండి. ఖాళీగా, ఎండిపోయి ఉన్నట్లు ఉంటుంది. "ఇక్కడ ఏముంది? అడ్డదారిన తొక్కేద్దాం" అనిపిస్తుంది. కానీ చాలాచోట్ల ఆ పైపొర ప్రాణమున్నది. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు పోగులుగా అల్లుకుని మట్టి రేణువులను పట్టి ఉంచుతాయి. వాటితో లైకెన్లు, నాచులు కూడా ఉంటాయి. ఈ పొర మట్టిని గాలికి ఎగిరిపోకుండా, వానకు కొట్టుకుపోకుండా కాపాడుతుంది. గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. ఎండినప్పుడు ఇది అప్పడంలా పెళుసు. చక్రం ఒక్కసారి వెళితే విరిగిపోతుంది. తిరిగి ఏర్పడడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

మరొక ఉదాహరణ. నాగజెముడు కుటుంబానికే చెందిన సగ్వారో అనే మహా వృక్షం ఈ ఎడారికి గుర్తు. అది 12 మీటర్లకు మించి పెరగగలదు, 150 ఏళ్ళకు పైగా బతకగలదు. కానీ పదేళ్ళ వయసులో దాని ఎత్తు నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండకపోవచ్చు. తరచుగా పాలో వెర్డీ వంటి చెట్టు నీడన, పెద్దదాని చాటు బిడ్డలా పెరుగుతుంది. బాట దాటి పొదల పక్కగా సైకిలు పోనిచ్చినవారు పదేళ్ళ మొక్కను తొక్కేసినా వారికి తెలియనే తెలియదు.

కాబట్టి ఎదురుగా రాయి వస్తే దిగి, సైకిలును బాట మీదనే నడిపించుకుని వెళ్ళండి. పక్కకు తప్పుకుంటూ పోతే ఒక బాట రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. వాన పడి బాట మెత్తబడిన రోజున వెళ్ళకండి. ఆ గాడుల వెంటే తర్వాత నీరు పారి నేలను కోస్తుంది. నడిచేవారికి, గుర్రాలకు దారి ఇవ్వడం సైకిలిస్టు బాధ్యత. 

చివరగా మీకొక పని. రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి, రెండింటినీ నీడలో గాలి తగిలేచోట పెట్టండి. వేసవి మధ్యాహ్నం ఒకసారి, వానాకాలంలో ఒకసారి రెండింటి తేడా రాసుకోండి. తేడా ఎప్పుడు ఎక్కువగా ఉంది, ఎందుకు? దానికి సమాధానం దొరికితే, పొడి చొక్కా ఎందుకు నమ్మదగినది కాదో మీకు అర్థమవుతుంది. మే నెలలో మన రాయలసీమ, తెలంగాణ దారుల్లో సైకిలు తొక్కేటప్పుడు కూడా అది మీకు పనికి వస్తుంది.