మోకాలి గుజ్జు మళ్లీ పెరుగుతుందా?

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇంతకుముందే విన్నారు. మేము చెప్పబోయేది కూడా అప్పు గురించే. ఈ ఏడాది ఆరోగ్యం పేరుతో సంఘాల్లో అడిగిన అప్పుల్లో మోకాళ్ల నొప్పుల మాట పదేపదే వచ్చింది. ఇదివరకు ఆపరేషన్‌కని అడిగేవారు. ఇప్పుడు "ఆపరేషన్ అక్కర్లేదంట, మన రక్తమే తీసి సూది వేస్తారంట, గుజ్జు మళ్లీ పెరుగుతుందంట" అని అడుగుతున్నారు. ఒక అక్క మెడలో గొలుసు తాకట్టు పెట్టి ఆ సూది వేయించుకుంది. నాలుగు నెలలు తేలిగ్గా ఉందని, తర్వాత మళ్లీ మామూలేనని చెప్పింది. ఇంకో అక్కకు ఏడాది దాటినా బాగానే ఉంది. ఇద్దరూ చెప్పేది నిజమే. అందుకే ఈ సంగతి విడమరిచి చెప్పుకుందాం అనుకున్నాం.

మనం గుజ్జు అనేది నిజానికి గుజ్జు కాదు. ఎముకల చివర నున్నగా అతుక్కుని ఉండే మెత్తని పొర, డాక్టర్లు కార్టిలేజ్ అంటారు. దానికి రక్తనాళాలు ఉండవు. చర్మం తెగితే మానినట్టు అది మానదు. వయసు, బరువు, పాత దెబ్బలు, ఏళ్ల తరబడి గొంతుకూర్చుని చేసే పనులు, ఇవన్నీ కలిసి దాన్ని అరగదీస్తాయి. నాట్లు, మిరప కోతలు, నేల మీద పొయ్యి, చీపురు: మన పనుల్లో వంగనిది, కూర్చోనిది ఏముంది?

ఇక సూది సంగతి. దీన్ని పీఆర్పీ అంటారు. చేతి నుంచి రక్తం తీస్తారు. గిర్రున తిప్పే యంత్రంలో పెడితే ఎర్రకణాలు కిందికి దిగుతాయి. దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి మోకాల్లోకి ఎక్కిస్తారు. గాయం మాన్పడానికి పనికొచ్చే పదార్థాలు వాటిలో ఉంటాయి కాబట్టి కీలుకు కూడా మేలు చేస్తాయని ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. పని చేస్తుందా అన్నదే చూడాలి.

ఆస్ట్రేలియాలో 288 మందిని తీసుకుని పరీక్షించారు, ఫలితాలు 2021లో వచ్చాయి. సగం మందికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్పీ సూదులు, మిగతా సగానికి ఉత్త ఉప్పునీటి సూదులు. ఎవరికి ఏది వేశారో వాళ్లకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే రెండు జట్లలోనూ నొప్పి తగ్గింది, ఇంచుమించు ఒకే మాదిరిగా. గుజ్జు కొలిచి చూస్తే అందులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి అక్కా. ఉప్పునీళ్లు వేయించుకున్నవాళ్లకీ నొప్పి తగ్గింది. "మా పక్కింటామెకు తగ్గింది" అనే మాట ఒక్కటే పట్టుకుని అప్పు చేయొద్దని మేము అనేది ఇందుకే.

అలాగని అందరు డాక్టర్లదీ ఒకే మాట కాదు. అమెరికాలోని కీళ్లవాత వైద్యుల సంఘం 2019 సూచనల్లో మోకాలి అరుగుదలకు పీఆర్పీ వద్దని గట్టిగా చెప్పింది. అక్కడి ఎముకల వైద్యుల సంఘం 2021లో నొప్పి కొంత తగ్గించవచ్చని, ఆధారాలు మాత్రం పరిమితమని రాసింది. పైగా ఒక్కో ఆసుపత్రి ఒక్కో రకంగా తయారు చేస్తుంది. ఒకచోట బాగా పని చేసిందంటే ఇంకోచోటా అదే మందని అనుకోడానికి లేదు. మా అభిప్రాయం అడిగితే, అరుగుదల కొద్దిగా ఉన్నవాళ్లకు కొన్నాళ్లు నొప్పి తగ్గొచ్చు. "గుజ్జు పెరుగుతుంది" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే మాత్రం లేచి వచ్చేయండి.

స్టెమ్ సెల్ పేరు చెప్పి ఇంకా పెద్ద మొత్తం అడిగేవాళ్లున్నారు. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, అనుమతి పొందిన వాటికి తప్ప స్టెమ్ సెల్స్‌ను పరిశోధన బయట మామూలు వైద్యంగా వాడకూడదు. 2022లో బెంగళూరు కంపెనీ ఒకటి ఎముక మజ్జ కణాలతో తయారుచేసిన మందుకు మోకాలి అరుగుదల విషయంలో అనుమతి దొరికింది. కాబట్టి ఎవరైనా స్టెమ్ సెల్ అంటే, "ఏ మందు, పేరేంటి, అనుమతి కాగితం ఏది" అని అడగండి. పొట్ట కొవ్వు తీసి అప్పటికప్పుడు ఎక్కిస్తామంటే అది ఈ మందు కాదు.

స్టెరాయిడ్ సూది వేరే. అది చవక, కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. షుగరున్నవాళ్లకు కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, ముందే చెప్పాలి. రెండేళ్లపాటు మూడు నెలలకోసారి వేసి చూసిన పరీక్షలో గుజ్జు ఇంకా ఎక్కువ తరిగింది, నొప్పిలో లాభమూ లేదు. మాటిమాటికీ వేయించుకునేది కాదు.

డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది, దాన్నే ఎవరూ పట్టించుకోరు. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాచి, తొడ కండ బిగించి, పది లెక్కపెట్టి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలా. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఒక వారంలో తేడా తెలియదు, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. బరువు ఎక్కువున్నవాళ్లు ఒక్క కిలో తగ్గినా, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు. ఎత్తు పీట, గట్టు మీద పొయ్యి, కమోడ్ దొడ్డి: ఇవి షోకులు కావు. వీటికి అప్పు అడిగితే సంఘం నవ్వకూడదు.

ప్రతి మోకాలి నొప్పీ అరుగుదల కాదు. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లు గంటకు పైగా బిగుసుకుపోతుంటే అది వేరే కీళ్లవాతం కావచ్చు. దానికి వేరే మందులున్నాయి, ఆలస్యమైతే కీళ్లు వంకర పోతాయి. మోకాలు వాచి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. సూది వేయించుకున్నాక అలా అయితే మరీ తొందరపడాలి.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముక ఎముకకు తగులుతోందంటే సూదులతో కాలయాపన చేసేకన్నా కీలు మార్పిడి గురించి ఎముకల డాక్టరుతో మాట్లాడటం నయం. ఆపరేషన్ అంటే భయం మాకూ తెలుసు. కేంద్రం 2017 ఆగస్టులో కృత్రిమ మోకాలి ధరకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, పన్ను వేరు. ఆసుపత్రి ఖర్చు దానికి అదనం. బిల్లులో కీలు ధర విడిగా చూపించమని అడగండి. ప్రభుత్వ పథకంలో వస్తుందో లేదో ఆరోగ్యమిత్రను అడిగాకే సంఘం దగ్గరికి రండి.

సంఘాల లీడర్లకు ఒక ప్రతిపాదన. మోకాలి సూది కోసం అప్పు అర్జీ వస్తే ఆమెను ఆపొద్దు, అది ఆమె కాలు, ఆమె నిర్ణయం. అయితే ఎక్స్‌రే, డాక్టరు చీటీ, మొత్తం ఎన్ని సూదులు, ఎంత ఖర్చు అన్నది కాగితం మీద తెమ్మనండి. సూది వేసే డాక్టరు కాకుండా ప్రభుత్వాసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించుకుందా అని అడగండి. ఇది తీర్మానం పుస్తకంలో రాసుకోవాలా వద్దా అన్నది మధ్యాహ్నం చర్చలో మీరే తేల్చండి. భోజనాలయ్యాక ఆ కాలు చాపే వ్యాయామం అందరం కలిసి చేసి చూద్దాం. వెనక వరుసలో కింద కూర్చున్న అక్కలకు కుర్చీలు వేయిస్తున్నాం.