అమరావతి శిల్పశాల గ్రామములకు చెప్పు పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగము)



గ్రంథాలయమునకును పురావస్తుశాలకును దగ్గర చుట్టరికము కలదు. రెండును గతించినవారి మాటను బ్రతికియున్నవారి చెవిని వేయునవే. ఒకచోట ఆ మాట కాగితముమీద నుండును. మరియొకచోట రాతిమీద, కుండపెంకుమీద, నాణెముమీద నుండును. చదువనేర్చినవారికి రెండును గ్రంథములే. ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయమును నిలుపుకొన్న గ్రామస్థులకు అట్టి రాతిగ్రంథముల శాల యొకదానిని గూర్చి చెప్పుటయే ఈ ప్రసంగమున కుద్దేశము. అది కృష్ణాతీరమునందలి అమరావతి పురావస్తు ప్రదర్శనశాల.

2015లో ఆంధ్రప్రదేశ్ నూతన రాజధానికి ఈ పేరే పెట్టిరి. ఇచట చెప్పబోవునది ఆ రాజధానిని గూర్చి కాదు. దానికి పేరిచ్చిన పాత అమరావతిని గూర్చి. గుంటూరునకు ఇంచుమించు 35 కిలోమీటర్ల దూరములో, కృష్ణకు దక్షిణపుటొడ్డున నున్న చిన్న పట్టణమది. 2022లో జిల్లాలు విభజింపబడినప్పుడు అది పల్నాడు జిల్లాలో చేరినది. పంచారామములలో నొకటియైన అమరేశ్వరాలయము అచటనే కలదు. ప్రక్కనున్న ధరణికోటయే పూర్వపు ధాన్యకటకము. ఆలయమునకు కొలది దూరములో మహాస్తూపము నిలిచిన స్థలమున్నది. దాని దరినే కేంద్ర పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల కలదు.

శాలలో అడుగిడినవారికి మొదట కనబడునది పాలరాతివలె తోచు లేత ఆకుపచ్చని సున్నపురాయి. తొందరపడి నడచిపోవువారికి అవి విరిగిన పలకలు మాత్రమే. నిలిచి చూచువారికి ఒక్కొక్కటియు నోరు విప్పును. విప్పారిన పద్మములు, పూలు నిండిన పూర్ణకుంభములు, పూలదండలను మోయు మనుష్యులు కనిపింతురు. కొన్ని పలకలపై ఖాళీ సింహాసనము, బోధివృక్షము, ధర్మచక్రము, పాదముల గుర్తులు చెక్కబడియున్నవి. అవి వట్టి అలంకారములు కావు. బుద్ధుని రూపమును చెక్కని కాలములో శిల్పులు ఆ గుర్తులతోనే ఆయన సన్నిధిని సూచించిరి. తరువాతి కాలపు శిల్పములలో బుద్ధుడు మనుష్యరూపముననే కానవచ్చును. ఈ రెండు రీతులను ప్రక్కప్రక్కన చూచినచో కొన్ని శతాబ్దముల మార్పు కంటికి తట్టును.

ఆవరణలో స్తూపపు చిన్న నమూనాను కూడ నిర్మించిరి. ముందుగా దానిని చూచి, పిదప శిల్పములను చూచుట మేలు. ఏ పలక స్తూపములో ఎచటిదో అప్పుడు తెలియును. అసలు స్తూపము అడుగున సుమారు 160 అడుగుల వ్యాసము కలది. నాలుగు దిక్కులందును నాలుగు ద్వారములు, ద్వారమున కెదురుగా అయిదేసి ఆయక స్తంభములు ఉండెడివి. ఆ అయిదును బుద్ధుని జననము, గృహత్యాగము, బోధి, ప్రథమోపదేశము, నిర్యాణము అను అయిదు ఘట్టములకు గుర్తులని పండితుల మాట.

ఇంతటి కట్టడమును కట్టించినది ఎవరు? శాతవాహన రాజుల పేరు వెంటనే స్ఫురించును. వారి కాలముననే స్తూపము మహావైభవము నొందినమాట నిజమే. కాని రాళ్లమీది శాసనములను చదివినచో ఇతరుల పేర్లును పెక్కులు కానవచ్చును. గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యములు అమ్ముకొనువారు, భిక్షుణులు, సామాన్య గృహిణులు తలా యొక పలకను, తలా యొక స్తంభమును సమర్పించిరి. విధికుడను చర్మకారుడు తన తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను, బంధుమిత్రులతోను కలిసి ఒక పూర్ణకుంభపు పలకను దానముచేసినట్లు ఒక శాసనము చెప్పుచున్నది. తోళ్లపనితో జీవించిన ఆ కుటుంబపు పేరు రాతిలో చెక్కబడినందున నేటికిని చెరగలేదు. ఇచటి శాసనమొకదానిలో కనబడు 'నాగబు' అను మాటను అతిప్రాచీనమైన తెలుగు పదముగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిరి. తెలుగు చదువుకొను ప్రతి బాలునకును ఈ రాళ్లతో సంబంధమున్నదనుటకు అంతకంటె నిదర్శనమేల?

ఇక ఈ రాళ్లు పడిన పాట్లు వినదగినవి. 1344 నాటి సింహళ శాసనమొకటి ధాన్యకటకములో ఒక విగ్రహగృహమును ధర్మకీర్తి యను భిక్షువు బాగుచేయించినట్లు చెప్పుచున్నది. అటుపిమ్మట క్రమముగా స్తూపము మట్టిదిబ్బయైనది. దానిని చుట్టుప్రక్కల ప్రజలు దీపాలదిన్నె యనిరి. పేరు మిగిలినది, అర్థము మరుగైనది.

1790ల దశకములో రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతిలో నూతన పట్టణమును కట్టింపసాగిరి. ఇండ్లకు, మెట్లకు రాయి కావలసివచ్చినది. దిన్నెలో చక్కగా చెక్కిన రాయి సిద్ధముగా నున్నది. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూచునాటికే త్రవ్వకము సాగుచుండెను. ఆయన 1816లో మరల వచ్చునప్పటికి స్తూపమధ్యము చెరువుగా మారియుండెను. కొన్ని పలకలు గోడలలో చేరినవి. మరికొన్ని కాల్చి సున్నము చేయబడినవి.

మెకంజీ తన చిత్రకారులచేత శిల్పములకు శ్రద్ధగా చిత్రములు వ్రాయించెను. వానిలో ఉన్న పెక్కు రాళ్లు నేడెచ్చటను లేవు. చిత్రములు మాత్రమే మిగిలినవి. అటుపిమ్మట రాళ్లు ఊళ్లు పట్టిపోయినవి. కొన్ని మచిలీపట్టణమునకు, కొన్ని కలకత్తాకు తరలినవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములు మద్రాసు చేరి, ఏండ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసినవి. 1859లో వానిని లండనునకు పంపిరి. అచటను చాలకాలము అవి మూల పడియుండి, కడకు 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. అదే 1880లో నిపుణుల పర్యవేక్షణము లేకయే దిన్నె నంతటిని త్రవ్వించిరి. పిదప బర్జెస్ పండితుడు వచ్చి చూడగా, ఏ రాయి ఎచ్చట దొరకినదో చెప్పుట దుష్కరమయ్యెను.

కనుక నేడు అమరావతి శిల్పములను పూర్తిగా చూడగోరువారు అమరావతికి, చెన్నైకి, లండనునకు పోవలసియున్నది. ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన సుప్రసిద్ధ శిల్పము చెన్నై ఎగ్మూరులోని మ్యూజియములో నున్నది. అమరావతి శాలలో నున్నవి చాలవరకు తరువాతి త్రవ్వకములలో దొరకినవి, తరలిపోగా మిగిలినవి.

ఇందుకు ఎవరిని నిందింపవలెను? జమీందారుగారిని నిందించుట సులభము. సున్నము కాల్చినవారిని నిందించుట మరింత సులభము. తెల్లవారిని నిందించుట అన్నిటికంటె సులభము. కాని వారిలో రాయిని కాల్చినవాడు దుష్టుడు కాడు. ఆ రాతిమీది లిపి చదువువారు ఆనాడు ఊరిలో లేరు. తన పూర్వికుని వంటి యొక చర్మకారుడు భక్తితో ఇచ్చిన పలక యది యని చెప్పువారు లేరు. తెలియనివానికి శాసనమును సున్నపురాయియే. అమరావతి చెప్పు పాఠమిది: ఊరికి తన చరిత్ర తెలియనినాడు, ఆ చరిత్ర బట్టీలో కాలును, లేదా పరదేశము చేరును.

అయితే అదే కాలములో మరియొక పనియు జరిగినది. ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగువారు, మెకంజీ కొలువులో నుండి ఊరూరి చరిత్రలను సేకరించిరి. కరణములు చెప్పిన వృత్తాంతములు, కవిలెలలోని లెక్కలు, గుడి శాసనముల నకళ్లు అట్లు ప్రోగైనవి. అవియే కైఫీయతులు. వానివలననే నేటికిని పెక్కు తెలుగు గ్రామములు తమ రెండువందల యేండ్ల నాటి సంగతిని తెలిసికొనగలుగుచున్నవి. రాయి పోయినను వ్రాత నిలుచునని వారి కృషి చాటుచున్నది.

ఈ పని గ్రామ గ్రంథాలయములకు మించినది కాదు. వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికలను భద్రపరచి దూరదేశపు పరిశోధకులకును యాత్రాస్థలమైనది. అది మహానగరములోని సంస్థ కాదు, పల్లెవారు నిలుపుకొన్నది. అట్టి భవనమే లేనిచోట కూడ ఒక బీరువా, ఒక లెక్క పుస్తకము చాలును. ఊరిలోని వీరగల్లు ఎచ్చట నున్నది, చెరువుగట్టు శాసనము ఏ ప్రక్క నున్నది, ఏ యింట తాటాకు గ్రంథములున్నవి, వృద్ధులు చెప్పు ఊరిపేరు కథ యేమి, మొదటి బడి ఎప్పుడు పెట్టిరి అను సంగతులను తేదీతోను చెప్పినవారి పేరుతోను వ్రాసియుంచవలెను. రాతిని కదలింపరాదు, శాసనముమీద సున్నము కొట్టరాదు. భూమిలో నిక్షేపము దొరకినచో కలెక్టరుగారికి తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నది. పురావస్తువులను దేశము దాటించి అమ్మరాదని 1972 నాటి చట్టము శాసించుచున్నది.

బడిపిల్లలను అమరావతికి తీసికొనిపోవువారు ఒక్క సంగతి మరువరాదు. గంటలో శాలయంతయు త్రిప్పి తెచ్చినచో వారికి కాళ్లనొప్పులే మిగులును. ఒక్కొక్క బాలుని ఒక్కొక్క రాతియొద్ద కూర్చుండబెట్టి, అందేమి యున్నదో చూచి వ్రాయుమనవలెను. తిరిగి వచ్చిన పిదప అదే కంటితో తమ ఊరి గుడిస్తంభమును, రచ్చబండ ప్రక్క రాతిని చూడుమనవలెను. అప్పుడే ఆ యాత్ర ఫలించినట్లు.

విధికుని పలక నిలిచినది ఆతడు ధనవంతుడైనందున కాదు; పేరు చెక్కించి నలుగురితో కలిసి ఇచ్చినందున. ఈ గ్రంథాలయమునకు ధనము, పుస్తకములు, రెక్కలకష్టము ఇచ్చినవారి పేర్లును అట్లే నిలువదగినవి. స్వర్ణోత్సవమునాటికి ఈ గ్రామచరిత్ర ఒక పుస్తకమై ఈ బీరువాలలో చేరుగాక! అప్పుడు ఈ ఊరిలో పుట్టిన ఏ బిడ్డయు తన ఊరిని తెలిసికొనుటకు పరదేశపు పురావస్తుశాలకు పోవలసిన పని యుండదు.