స్పీకర్‌లో గుయ్‌మని హమ్ వస్తోందా? కేబుల్ కొనకముందు ఎర్త్ గుంత చూడండి | బేతంచెర్ల ఎపిసోడ్

ఈ ఎపిసోడ్‌లో ఏ స్పీకర్ కొనాలి, ఏ యాంప్లిఫయర్ కొనాలి అనేది మాట్లాడను. ఆ రెండింటి వెనకాల గోడలో ఉండే మూడు చిల్లుల గురించి మాట్లాడతా. అందులో పైన పెద్ద చిల్లు ఉంటుంది చూడండి, ఎర్త్. ఎక్కువ టైం దాని గురించే.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, లక్ష పెట్టి సెటప్ కొన్నా. పాట ఆపితే స్పీకర్‌లో గుయ్‌మని శబ్దం. ఏ కేబుల్ కొనాల?" కేబుల్ సంగతి చివర్లో చెప్తా. ముందు ఒక మాట, ఇది విని వీడియో ఆపేసినా పర్వాలేదు. హమ్ పోవాలని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టొద్దు, ఎర్త్ వైరు పీకేయొద్దు. హమ్ పోతుంది, నిజమే. దాంతోపాటు ఇంకేం పోతుందో చెప్తా.

బేతంచెర్లలో ఏమైందంటే

మొన్న ఎండాకాలం బేతంచెర్ల పోయినా. పాలిష్ బండలకు పేరున్న ఊరు. మొదట కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. అక్కడ మన చానల్ చూసే ఒక తమ్ముడు చాలా ఇష్టంగా సెటప్ పెట్టుకున్నాడు. స్టీరియో యాంప్, నిలువు స్పీకర్లు, పక్కన డెస్క్‌టాప్, డీటీహెచ్ బాక్సు. హమ్ వస్తుంటే ఎవరో చెప్పినారంట, ఎర్త్ వైరు తీసేయ్ అని. తీసేసినాడు. హమ్ మాయం. నెల రోజులు హాయిగా పాటలు విన్నాడు.

ఒకరోజు వాళ్లమ్మ ఇల్లు తుడిచి, అదే తడి చేత్తో యాంప్ మీద దుమ్ము తుడవబోయింది. కాళ్లకు చెప్పుల్లేవు, కింద తడి బండ. షాక్ కొట్టి వెనక్కి పడింది. అదృష్టం బాగుండి చేయి విడిపోయింది. రెండు రోజులు తిమ్మిరి ఉండి తగ్గింది. యాంప్ లోపల ఒక వైరు ఇన్సులేషన్ పోయి మెటల్ బాడీకి తగులుతోంది. ఎన్నాళ్ల నుంచి తగులుతోందో ఎవరికీ తెలియదు. తెలియజెప్పాల్సిన వైరును మనమే తీసేసినాం కదా.

ఇక్కడ మీరు అనుకోవచ్చు, "సరే, ఎర్త్ వైరు మళ్లీ పెడితే అయిపోతుంది" అని. అసలు సంగతి ఇప్పుడు మొదలవుతుంది.

ఎర్త్ ఉంది, కానీ పనిచేయదు

ఆ ఇంటి ఎర్త్‌ను ఎర్త్ టెస్టర్‌తో కొలిపించినాం. దాదాపు 50 ఓమ్స్. ఇప్పుడు స్కూల్లో చదివిన ఓమ్ నియమం గుర్తు తెచ్చుకోండి. 230 వోల్టులను 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. అంటే ఫేజ్ వైరు నేరుగా యాంప్ బాడీకి తగిలినా, భూమిలోకి పోయే కరెంటు నాలుగున్నర ఆంపియర్లే. బోర్డులో ఉన్న ఎంసీబీ 16 ఆంపియర్లది. దానికి ఇది ఒక లోడే కాదు. ఒక చిన్న గీజర్‌లోకి పోయే కరెంటు కూడా కాదు. అది ట్రిప్ అవదు.

ట్రిప్ అవకపోతే ఏమవుతుంది? యాంప్ బాడీ మీద దగ్గర దగ్గర 230 వోల్టులూ నిలిచి ఉంటాయి. అంతటితో ఆగదు. ఇంట్లో ఎర్త్ వైర్లన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి కాబట్టి అదే వోల్టేజ్ ఫ్రిజ్ తలుపు మీదికి, వాషింగ్ మెషిన్ మీదికి, నీళ్ల మోటారు మీదికి వస్తుంది. ఒక్క యాంప్ చెడితే ఇల్లంతా షాక్.

"మా ఎలక్ట్రీషియన్ బల్బు పెట్టి చూసినాడు, ఎర్త్ సూపర్ అన్నాడు" అంటారు. లెక్క చూద్దాం. 100 వాట్ల పాత బల్బు వెలుగుతున్నప్పుడు దాని రెసిస్టెన్స్ సుమారు 530 ఓమ్స్. దానికి మన చెడ్డ ఎర్త్ 50 కలిపితే 580. బల్బుకు ఇంకా 210 వోల్టులు అందుతాయి, బ్రహ్మాండంగా వెలుగుతుంది. ఎర్త్ చెడ్డదని బల్బు చెప్పలేదు. మల్టీమీటర్ అయితే ఇంకా తక్కువ కరెంటు తీసుకుంటుంది, అది కూడా 230 చూపించి మోసం చేస్తుంది. ఎర్త్‌ను ఎర్త్ టెస్టర్‌తోనే కొలవాలి. పైగా ఆ బల్బు టెస్టు మీరు చేయొద్దు, ఎర్త్ తెగి ఉంటే ఇంట్లో ఇనుప బాడీలన్నింటికీ కరెంటు ఎక్కుతుంది.

ఆ ఊర్లో ఎర్త్ ఎందుకు కష్టం

కరెంటు భూమిలోకి పోవాలంటే మట్టి కావాలి, తడి కావాలి. బేతంచెర్ల చుట్టుపక్కల కాస్త తవ్వితే బండ వస్తుంది, సున్నపురాయి. ఆ బండ వల్లే ఊరు బతుకుతోంది. ఆ బండలోనే దగ్గర్లో బిల్లసర్గం గుహలు ఏర్పడినాయి, 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వకాలు జరిపిన గుహలు. సున్నపురాయిలో వాననీళ్లు పైన నిలవవు, సందుల్లోంచి కిందికి దిగిపోతాయి. ఇక వానలు తక్కువ పడే సీమ. పొడి బండకు కరెంటును మోసే గుణం చాలా తక్కువ. మీ ఇల్లు నల్లరేగడి నేలలో ఉంటే ఒక పైపుతో అయ్యే పని, ఇక్కడ మూడు పైపులు పెట్టినా అవకపోవచ్చు.

మన దేశంలో ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 అని ఒక ప్రమాణం ఉంది. కింద బండ అడ్డం వస్తే పైపును నిలువుగా కాకుండా కొంచెం వాలుగా దించుకోవచ్చని, ఆ వాలు 30 డిగ్రీలు దాటకూడదని అందులో ఉంది. అదీ కుదరకపోతే రాగి లేదా జీఐ పట్టీని అడ్డంగా కాలువ తీసి పూడ్చవచ్చు.

ఆ తమ్ముడి ఇంట్లో ఏం చేసినామంటే, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, స్నానాల గది నీళ్లు పోయే పక్కన, తడి ఉండే చోట రెండు గుంతలు తీయించినాం. రెండింటికీ మధ్య పైపు పొడవుకు రెండింతల దూరం ఉండాలి. దగ్గరగా పెడితే రెండూ కలిసి ఒక్కటిగానే పనిచేస్తాయి. తీసిన రాళ్లు మళ్లీ వేయలేదు. పైపు చుట్టూ మట్టి, బెంటోనైట్ నింపినారు. బెంటోనైట్ అంటే నీళ్లు పీల్చుకుని పట్టి ఉంచే ఒక రకం బంకమట్టి. పాత పద్ధతిలో ఉప్పు, బొగ్గు వేస్తారు. అదీ పనిచేస్తుంది, కానీ ఉప్పు వానలకు కరిగిపోతుంది, పైపును కూడా తినేస్తుంది. గుంత మీద మూత, నీళ్లు పోయడానికి ఒక గరాటు. ఎండాకాలం వారానికి రెండు సార్లు నాలుగు బిందెలు పోయడం వాళ్లమ్మే చూసుకుంటానంది.

అన్నింటికంటే ముఖ్యమైన డబ్బా

అంత చేసినా బండ నేలలో ఎర్త్ ఒక్కదాన్నే నమ్ముకోలేం. అందుకే ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది. ఇది ఫేజ్‌లో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు రెండూ సమానంగా ఉన్నాయా అని చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే ఇంటి కరెంటు కట్ చేస్తుంది. ఎర్త్ 50 ఓమ్స్ ఉన్నా సరే, బాడీ మీద ఒకటిన్నర వోల్టు లేచేసరికి ఇది పడిపోతుంది. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకొకసారి నొక్కండి. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం అదీ కాపాడలేదు, గుర్తుపెట్టుకోండి.

సరే అన్నా, హమ్ సంగతేంది?

మంచి ప్రశ్న. ఎర్త్ బాగైంది, యాంప్ రిపేర్ అయ్యింది, హమ్ మళ్లీ వచ్చింది! ఎందుకంటే అది గ్రౌండ్ లూప్. యాంప్‌కు ఒక ఎర్త్, డెస్క్‌టాప్‌కు ఇంకో సాకెట్ నుంచి ఇంకో ఎర్త్, డాబా మీద డిష్ నుంచి వచ్చే కేబుల్ ద్వారా మరో దారి. ఇవన్నీ సిగ్నల్ వైర్ల ద్వారా కలిసి ఒక చుట్టు అవుతుంది. ఆ చుట్టులో తిరిగే చిన్న కరెంటే 50 హెర్ట్జ్ గుయ్.

కనుక్కునే పద్ధతి ఇది. యాంప్ ఆఫ్ చేసి ఇన్‌పుట్ వైర్లన్నీ పీకండి. వాల్యూమ్ తగ్గించి ఆన్ చేయండి. హమ్ అట్లే ఉంటే యాంప్‌లోనే లోపం, మెకానిక్‌కు చూపించండి. హమ్ లేకపోతే ఒక్కొక్క వైరూ పెట్టుకుంటూ రండి. ఏది పెట్టగానే వచ్చిందో దొంగ అదే. ఆ ఇంట్లో దొంగ డెస్క్‌టాప్. అన్నింటినీ ఒకే సాకెట్ నుంచి ఒకే మంచి స్ట్రిప్‌కు మార్చినాం, సగం తగ్గింది. డెస్క్‌టాప్ నుంచి ఆప్టికల్ కేబుల్ వేసినాం, పూర్తిగా పోయింది. ఆప్టికల్‌లో పోయేది వెలుతురు, దానికి ఎర్త్ లేదు కాబట్టి లూప్ కాదు. ఆప్టికల్ లేకపోతే ఆడియో ఐసోలేటర్ వాడొచ్చు. ఎర్త్ పిన్ను ముట్టుకోకుండానే అయిపోయింది, చూసినారా!

కొందరు "ఆడియోకు వేరే ఎర్త్ రాడ్ వేయ్, సౌండ్ క్లీన్ అవుతుంది" అంటారు. మెయిన్ ఎర్త్‌తో కలపకుండా అట్ల వేయొద్దు. దగ్గర్లో పిడుగు పడితే రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు, ఆ తేడా మీ యాంప్ గుండానే పోతుంది.

మిగిలిన ట్యూనింగ్

చుట్టూ పాలిష్ మిషన్లు. పెద్ద మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, వోల్టేజ్ ఒక్క క్షణం కుంగుతుంది. అట్లాంటి చోట యాంప్‌కు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో లైన్, తగిన కెపాసిటీ ఉన్న స్టెబిలైజర్, సర్జ్ ప్రొటెక్టర్ పెట్టుకోండి. ఇన్వర్టర్ మీద వినేవాళ్లు సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి. స్క్వేర్ వేవ్ అయితే ట్రాన్స్‌ఫార్మరే గుర్రుమంటుంది.

ఇక గది. కింద పాలిష్ బండ, చుట్టూ గట్టి గోడలు. చప్పట్లు కొడితే టంగ్‌మని మోగుతుంది. స్పీకర్ల ముందు మందమైన జంబుకానా పరచండి, వెనక గోడకు ఒక బొంత వేలాడదీయండి. స్పీకర్లను గోడ నుంచి రెండు అడుగులు ముందుకు జరపండి. ఇంకో సరదా సంగతి, 11 అడుగుల గదిలో 51 హెర్ట్జ్ దగ్గర శబ్దం సహజంగానే ఉబ్బుతుంది. అందుకే గోడకు ఆనుకుని కూర్చుంటే హమ్ ఎక్కువ వినిపిస్తుంది. కుర్చీ కాస్త ముందుకు జరిపితే బాస్ కూడా సరిపడుతుంది. దీనికి ఖర్చు సున్నా.

చివరికి పవర్ కేబుల్. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ గోడ దాకా మామూలు వైరే కదా వచ్చేది. ఆఖరి ఒక్క మీటరు వేల రూపాయల కేబుల్ పెడితే వెనక వచ్చిందంతా మారదు. డబ్బు పెట్టే వరుస నేను చెప్పేది ఇది. ఆర్‌సీసీబీ, ఎర్త్, విడి లైన్, స్టెబిలైజర్, గది. ఇంకా మిగిలితే పాటలు కొనుక్కోండి.

ఈరోజు రాత్రి ఒక్క పని చేయండి. మీ స్పైక్ బస్టర్ ప్లగ్గు తీసి మూడు పిన్నులూ ఉన్నాయా చూడండి. బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా చూడండి. లేకపోతే రేపు ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడండి. ఈ వీడియో మీ ఊర్లో సౌండ్ సిస్టం పెట్టుకున్న ఒక్క ఫ్రెండ్‌కైనా పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.