అద్దముపై గ్రద్ద, నాణెముపై చార్మినారు



బస్సు నడుపువాని ప్రక్కనుండు అద్దమును మీరందఱును చూచియుందురు. ఉబ్బెత్తుగా నుండుటచే అది వెనుకటి బాటనంతయు తనలో నిముడ్చుకొనును. ఆకారములను మాత్రము చిన్నవిగా చూపును. కుంభాకార దర్పణమనగా నిదియే. 1800 ప్రాంతమున ఇంగ్లండు, అమెరికా దేశములలో కలవారి యిండ్ల గోడలకు ఇట్టి గుండ్రని అద్దములు వ్రేలాడుచుండెను. బంగారుపూత చట్రము, దానిలో వరుసగా చిన్న గుండ్లు, శిఖరమున రెక్కలు విప్పిన గ్రద్ద వాని అలంకారము.

అమెరికా 1782లో గ్రద్దను తన దేశముద్రపై నిలుపుకొనెను. ఆ పక్షి యొక కాలియందు శాంతికి గుర్తగు ఆలివుకొమ్మ, రెండవదానియందు 13 బాణములు కలవు. తొలుత ఏకమైన రాష్ట్రములు 13. కావున అద్దముపై గ్రద్దను చూచిన అమెరికా పౌరునకు స్వాతంత్ర్యము స్ఫురించెను. కాని అట్టి గ్రద్దయే ఇంగ్లండు అద్దములపైనను కలదు. అమెరికా ఎవరిని ఎదిరించి స్వతంత్రమయ్యెనో, వారి యిండ్లలో అది ప్రాచీన రోము నుండి వచ్చిన సొగసు మాత్రమే. బొమ్మ యొక్కటియే, అర్థము చూచువారిది.

ఇంత దూరపు ముచ్చట మనకేల యందురా? ఇట్టి కథయే మన చేతులలోను నడచినది. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజామునకు కప్పము కట్టిన కాలమున, నాగర్‌కర్నూలుతో సహా ఈ సీమయంతట చెల్లినది హాలీ సిక్కా. 20వ శతాబ్దపు హాలీ రూపాయిపై చార్మినారు ఉండెను. అది ప్రభువు గుర్తు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున చేరెను. 1950లో అశోకుని సింహముల రూపాయి ప్రవేశించెను; 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయలు లెక్క. 1959లో హాలీ చెల్లుబాటు తొలగెను. చార్మినారు మన మొలసంచులను వీడెను. 2014లో తెలంగాణము ఏర్పడగా, అదే చార్మినారు కాకతీయ తోరణముతో గూడి రాష్ట్రచిహ్నమున వెలసెను. నాడు ప్రభువుది, నేడు ప్రజలది. కట్టడము మారలేదు, దానికి అర్థమిచ్చువారు మారిరి.

గ్రద్ద క్రింద అద్దమున్నదని మఱువరాదు. అది యొక్కని ముఖమునే కాక గదిలోని వారినందఱిని చూపును. చిహ్నము శిరస్సున ఎంత మెఱసినను, దాని క్రింద అందఱికిని చోటున్నదా లేదా యనునదే దాని విలువకు గీటురాయి.

ఒక్క మనవి. మీ పెట్టెలలో హాలీ నాణెము గాని, పాత అద్దము గాని, దేశనాయకుల పటము గాని యున్నచో, అమ్మకముందే, కరిగింపకముందే, ఇంటి పెద్దల నడిగి దాని కథను వ్రాసి ఈ గ్రంథాలయమున కొసగుడు. కథ తెలియనిచో అది వెండిబిళ్ళయే, కొయ్యముక్కయే. ఈ రజతోత్సవమునకు మనము చేయదగిన కానుక అదియే.