సరుకు మనది, లెక్క ఎవరిది?

(ఆత్మకూరులో జరిగిన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత దళిత కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన పాళేలలో ఒక మాట తిరుగుతావుంది. కూలికిపోయే తల్లి కూతురు డిగ్రీ పాసై, ఎం.బి.ఎ. చదవడానికి ఇంగ్లండు పోతానంటావుందట. బి.ఇడి. చేసి టీచరు ఉద్యోగం చూసుకోక, ఈ వ్యాపారం చదువు మనకెందుకబ్బా? అంగడి పెట్టుకునేదానికి సముద్రం దాటాలా? అని. అడిగింది పరాయివాళ్లు కాదు, మనవాళ్లే. ఆ బిడ్డ మా బడిలో చదివిన బిడ్డ కాబట్టి జవాబు చెప్పే పని మా మీద పడింది.

అక్కడి కాలేజీలు దరఖాస్తుతో పాటు రెండు పేజీల కాగితం రాయమంటాయి. ఈ చదువే నీకు ఎందుకు కావాలి, చదివి ఏం చేస్తావు అని. పట్నంలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు తీసుకుని అచ్చు వేసినట్టున్న కాగితం ఒకటి చేతిలో పెట్టారు. చిన్నప్పటి నుంచి నాయకత్వ లక్షణాలు ఉన్నాయని, మా నాయన వ్యాపారం చూసి స్ఫూర్తి పొందానని అందులో ఉంది. వాళ్ల నాయన వ్యాపారం ఏంది? బేల్దారి పని. ఆ కాగితం పక్కన పెట్టి, మూడు రాత్రులు కూర్చుని నిజం రాయించాము. ఆ నిజమే మీకు చెబుతాను, ఎందుకంటే అది ఆ బిడ్డ ఒక్కదానిదే కాదు.

మన మెట్ట మీద తంగేడు ఎంత మొలుస్తుందో మీకు చెప్పాలా? ఆ తంగేడు చెక్కతో తోలు ఊనేవాళ్లు మన తాతలు. ఆ విద్య నేర్పిన కాలేజీ లేదు. మద్రాసు రాజధానిలో తంగేడు చెక్కతో ఊనిన తోళ్లు ఓడలెక్కి లండన్ పోయి అక్కడ వేలంలో అమ్ముడుపోయేవి. 'ఈస్టిండియా కిప్స్' అని వాటికి బజారులో పేరే ఉండేది. తోలు ఊనినవాడిని ఊరు అంటుకోలేదు. తోలు అమ్మినవాడు మాత్రం షావుకారు అయినాడు. తర్వాత క్రోము పద్ధతి వచ్చింది, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలలో ఫ్యాక్టరీలు లేచినాయి. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ కూడా పెట్టారు. మన చేతి పని సైన్సు అయింది, ఎగుమతి అయింది, కోట్లు అయింది. మాదిగపాళేనికి మిగిలింది చెప్పులు కుట్టే ఆరె, డప్పు. అది కూడా చావులకు, జాతరలకు.

తోలు సంగతి పాతదంటారా, నిమ్మకాయ చూడండి. ముళ్లు గీరుకుంటా కాయ కోసేది మన ఆడవాళ్లు. బస్తా కుట్టి లారీకి ఎత్తేది మన మగవాళ్లు. గూడూరు, పొదలకూరు మార్కెట్లలో ఆ పూట ధర ఢిల్లీ నుంచి వచ్చే ఫోనును బట్టి లేస్తుంది, పడుతుంది. ఫోను ఎత్తేవాడు ఎవరు? మన కూలి మాత్రం ఫోనుతో లేవదు. ఉదయగిరి చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేపర్లలో ఫొటోలు వేశారు. కొండకు పోయి కట్టె తెచ్చి చెక్కే ఆ ముస్లిం అక్కచెల్లెళ్ల ఇళ్లు ఫొటోలకు ముందు ఎట్టా ఉండాయో తర్వాతా అట్టానే ఉండాయి. సరుకు చేసేవాడికి సరుకు ధర తెలియకుండా చేయడమే ఈ దేశంలో వ్యాపారం. ధర, వడ్డీ, చిట్టా, ఆవర్జా, బీమా, ఎగుమతి కాగితం, ఇవన్నీ కొన్ని కులాల ఇళ్లలో పిల్లలకు అన్నంతో పాటు పెడతారు. మన ఇళ్లలో బడికి పంపి నేర్పించాలి. ఆ కాగితంలో ఆ బిడ్డ రాసింది ఇదే.

ఇప్పుడు బాబాసాహెబ్ సంగతి. ఆయన్ను మనం కోటు వేసుకుని, చేతిలో రాజ్యాంగం పట్టుకున్న బొమ్మగానే చూస్తున్నాము. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో కొలంబియా పోయి ఆయన చదివింది ఏమిటి? ముఖ్యంగా అర్థశాస్త్రం. 1915లో ఎం.ఏ. కోసం రాసిన సిద్ధాంతం ప్రాచీన భారత వాణిజ్యం మీద. 1923లో లండన్‌లో డాక్టరేట్ తెచ్చింది రూపాయి సమస్య మీద. అంటే మన బాబాసాహెబ్ మొదట డబ్బు లెక్క తేల్చిన మనిషి.

ఇంకొకటి మన సభల్లో తక్కువగా చెబుతారు. 1917లో స్కాలర్‌షిప్పు గడువు అయిపోయి లండన్ చదువు మధ్యలో ఆపి ఆయన తిరిగి వచ్చారు. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగం. బంట్రోతులు ఫైళ్లు చేతికివ్వకుండా విసిరేశారు. పార్శీ సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. బొంబాయి చేరి ఆయన చేసిన పనేమిటో తెలుసా? షేర్లు, వాటాలు కొనేవాళ్లకు సలహాలిచ్చే కంపెనీ పెట్టారు. అవును, వ్యాపారమే. ఈయన అంటరానివాడని తెలిసిన రోజు నుంచి వచ్చేవాళ్లు రావడం మానేశారు. కంపెనీ మూతపడింది. 1918లో సిడెన్‌హాం వాణిజ్య కళాశాలలో ప్రొఫెసరైతే తోటి ప్రొఫెసర్లు మంచినీళ్ల కూజా దగ్గర అభ్యంతరం చెప్పారు. వాణిజ్యం నేర్పే మనిషికి నీళ్లు లేవు! అయినా జీతంలో మిగిల్చి, షాహూ మహారాజ్ సాయం తీసుకుని, మిత్రుడి దగ్గర అప్పు చేసి 1920లో మళ్లీ లండన్ పోయి చదువు ముగించారు. అప్పు చేసి సముద్రం దాటడం మన బిడ్డతో మొదలు కాలేదు.

ఇది చెప్పేది ఎందుకంటే, వ్యాపారం వస్తే కులం పోతుందని మేము అనడం లేదు. అట్లా అనేవాళ్లకు బొంబాయిలో మూతపడిన ఆ కంపెనీయే జవాబు. 2005లో పూణేలో దళిత పారిశ్రామికవేత్తల చాంబరు పుట్టింది, మంచిదే. దాన్ని చూసి పోరాటం అక్కర్లేదనే మేధావులు కూడా పుట్టారు. వాళ్లతో మాకు పేచీ ఉంది. కారంచేడు, చుండూరు జ్ఞాపకం ఉన్నవాళ్లెవరూ బ్యాంకు బ్యాలెన్సు చూసి గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోలేరు.

మరి ఎందుకు? 1991 నుంచి సర్కారు కంపెనీలు ఒక్కొక్కటే అమ్ముకుంటున్నారు. మన రిజర్వేషను సర్కారు గడపలో ఉంది. కొలువులు ప్రైవేటు గడపలో ఉన్నాయి, అక్కడ రిజర్వేషను లేదు. 2012లో కేంద్రం, తన సంస్థలు కొనే సరుకులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల దగ్గర కొనాలని ఉత్తర్వు ఇచ్చింది. 2016లో స్టాండప్ ఇండియా అని 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు అన్నారు. ఇవి ఎవరు తింటున్నారు? లోను మన పేరు మీద, సంతకం మనది, బండి ఇంకొకడి ఇంటి ముందర. కాంట్రాక్టు మనది, బిల్లు ఇంకొకడిది. ఈ సభలోనే అట్టా సంతకాలు పెట్టినవాళ్లు ఉండారు, పేర్లు చెప్పను, తల దించుకోవద్దన్నా. బ్యాలెన్సు షీటు చదవగలిగిన మనిషి మన పాళెంలో ఒకరుంటే ఆ బండి ఎవరి ఇంటి ముందర ఉండాలో తేలుతుంది.

ఇక డబ్బు. ఇది తేలిక మాట కాదు, తల్లి ఏడుస్తావుంది. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు బ్యాంకు ఆస్తి తాకట్టు అడుగుతుంది. ఉన్నది డి.కె.టి. పట్టా ఎకరం. 1977 చట్టం ఆ భూమిని పరాయివాడి పాలు కాకుండా కాపాడింది. 2023లో 20 ఏళ్లు దాటిన పట్టాలకు అమ్ముకునే హక్కు ఇస్తూ సవరించారు. ఒక బ్యాంకు మేనేజరు దగ్గరికి మేమే పోయినాము. పట్టా చూసి ఇది భూమేనా అన్నాడు. ఆ ఎకరం అమ్మి పంపిస్తామని వాళ్ల మేనమామ అంటే వద్దన్నాము. భూమి అమ్మి చదువు కొనొద్దు. చదువుకు సర్కారు దగ్గర డబ్బు ఉంది, అది మన హక్కు.

కేంద్రం వాళ్ల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. దేశం మొత్తానికి 125 సీట్లు, అందులో ఎస్సీలకు 115. ఇంత దేశానికి అంతే! 2025లో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చి మిగతావాళ్లకు నిధులుంటే చూస్తామన్నారు. మన రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి పేరు 2022లో తీసేశారు, 2024లో తిరిగి పెట్టారు. పేరు కోసం గొడవ చేశాము, సరే. డబ్బు ఏ తేదీన పిల్లల ఖాతాలో పడుతుందని కూడా అంతే గట్టిగా అడగాలి. ఫీజు గడువు ప్రభుత్వం కోసం ఆగదు.

పోయినవాళ్లు తిరిగి రారు, మనల్ని మరిచిపోతారు అని ఒక అన్న అన్నాడు. కొందరు మరిచిపోతారు. హైదరాబాదు పోయినవాళ్లు మరిచిపోలేదా? కానీ అక్కడ కూడా కులం దిగింది. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడు కాలిఫోర్నియాలో అట్టాంటి బిల్లు సభలు దాటి వస్తే గవర్నరు సంతకం పెట్టలేదు. అక్కడి పోరాటంలో నిలబడింది మన పిల్లలే. ఇంటిపేరు అడిగి, ఊళ్లో మీ ఇల్లు ఏ దిక్కున అని అడిగే తెలుగువాళ్లు అక్కడా ఎదురైతే మన బిడ్డ ఏం చెప్పాలో ఇక్కడే నేర్పి పంపిస్తాము.

ఆ రెండు పేజీల చివర 'చదివి ఏం చేస్తావు' అన్న చోట ఆ బిడ్డ తనే రాసుకుంది, మేము చెయ్యి పెట్టలేదు. నిమ్మకాయ కోసే ఆడవాళ్ల సంఘం ఒకటి పెట్టి, ఢిల్లీ ఫోను తనే ఎత్తుతానని రాసింది. జరుగుతుందో లేదో చూద్దాము.

డిగ్రీ అయిన పిల్లలు ఎవరైనా ఉంటే కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయం పత్రం, మార్కుల జాబితాలు తీసుకుని వచ్చే ఆదివారం ఇక్కడికే రండి. ఫారాలు మేము నింపిస్తాము. కన్సల్టెన్సీకి డబ్బు కట్టొద్దు. ఆడపిల్లల తల్లిదండ్రులు తప్పకుండా రావాలి, మీతోనే ఎక్కువ మాట్లాడే పని ఉంది.

జై భీం.